ఏది తక్కువ ప్రమాదమని అడిగిన పిల్లలకు

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవులకు ఆశీస్సులు.

మొన్న సెలవులకు వచ్చినప్పుడు మీలో ఒకరు, "తాతయ్యా, ఎక్స్‌టసీ బిళ్ల ఐస్ అంత ప్రమాదం కాదట కదా?" అని అడిగారు. ముప్పై ఏళ్ళు మందుల షాపు నడిపినవాణ్ణి కనుక భోజనాల దగ్గర అరకొరగా చెప్పడం ఇష్టంలేక, తీరిగ్గా రాస్తున్నాను.

ఐస్ అంటే మెథాంఫెటమిన్ అనే మత్తుమందు. 1893లో జపాన్ శాస్త్రజ్ఞుడు నగాయ్ దానిని తయారుచేశాడు. మెదడులో హుషారు పుట్టించే డోపమిన్ అనే రసాయనాన్ని ఒక్కసారిగా కుమ్మరించి, ఆకలి, నిద్ర, అలసట తెలియనివ్వదు. రక్తంలోంచి అందులో సగం పోవడానికే సుమారు పది గంటలు పడుతుంది కనుక, వాడేవాడు రోజుల తరబడి నిద్రలేక, అయినవాళ్ళనే అనుమానిస్తూ, లేని గొంతులు వింటూ, పళ్ళు పాడుచేసుకుని చిక్కిపోతాడు. మెఫెడ్రోన్ అనే మరో మత్తుమందు తీరు వేరు. మత్తు త్వరగా దిగిపోతుంది గనుక ఒక్క రాత్రిలోనే మళ్ళీ మళ్ళీ తీసుకుంటారు; ఆ భారమంతా గుండె మీద పడుతుంది.

ఇక మీరడిగిన ఎక్స్‌టసీ బిళ్ల. ఐస్‌లాగా మనిషిని అంత గట్టిగా వ్యసనంలోకి లాగదన్నది నిజమే, కాదనను. కానీ అది ఏళ్ళ లెక్క. బిళ్ల ప్రమాదం ఒక్క రాత్రి లెక్క. అది సెరటోనిన్ అనే మరో మెదడు రసాయనాన్ని ఎక్కువగా విడుదల చేయించి, ఒంటి వేడిని అదుపులో ఉంచే ఏర్పాటును చెడగొడుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే మన ఊళ్ళో, గాలాడని గదిలో గంటల తరబడి గంతులేసేవాడికి ఒంటి వేడి 41 డిగ్రీల సెల్సియస్ దాటితే కండరాలు కరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. నీళ్ళు బాగా తాగితే సరిపోతుందనుకోకండి. ఆ బిళ్ల మూత్రాన్ని బిగబట్టేస్తుంది కనుక, అతిగా తాగిన నీరు రక్తంలో సోడియాన్ని పలచన చేసి మెదడును వాచేలా చేయగలదు. పైగా బిళ్లలో నిజంగా ఏముందో అమ్మేవాడికే తెలియదు. నా షాపులో ప్రతి అట్ట మీదా మోతాదు, గడువు తేదీ ఉండేవి!

హెరాయిన్ ఎక్కువైనవాడికి నలాక్సోన్ అనే విరుగుడు ఉంది. వీటికి అలాంటిది లేదు. కాబట్టి స్నేహితుడెవరైనా ఒళ్ళు కాలిపోతూ, తికమకగా మాట్లాడుతూ కనబడితే, ఇంట్లో తెలుస్తుందని దాచకుండా వెంటనే 108కి ఫోన్ చేసి, తడిగుడ్డలతో ఒళ్ళు చల్లబరచి, ఏం తీసుకున్నాడో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. అలవాటు మాన్పించే సలహాకు 14446 ఉచిత నంబరు.

ఇంకా అడగాల్సినవి ఉంటే నాకే ఫోన్ చేయండి. మధ్యాహ్నం నిద్రలో ఉన్నా లేస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య