అటకెక్కిన కత్తిపీట: బాలింతల ఓసీడీపై అపోహలు - వాస్తవాలు

అపోహ: బిడ్డకు హాని చేస్తానేమో అన్న ఆలోచన వచ్చిన తల్లి నిజంగానే చేస్తుంది.

వాస్తవం: కోనసీమలో పురిటికి పుట్టింటికొచ్చిన ఒకమ్మాయి. ఇల్లు కాలువ గట్టు మీదే. చెవుల్లో దూది, ఒళ్లో పిల్లాడు, చున్నీ అంచు వేలికి చుడుతూ విప్పుతూ చాలాసేపు కూర్చుంది. చివరికి, "వీణ్ణి కాలువలో పడేస్తానేమోనండీ" అంది. గుమ్మం దాటి పది రోజులైందట. కత్తిపీట చూసినా అదే భయం. వాళ్లమ్మ దాన్ని అటకెక్కించేసింది.

కొత్త తల్లుల్లో దాదాపు సగం మందికి ఇలాంటి ఆలోచన ఎప్పుడో ఒకసారి పిలవకుండానే వస్తుంది, పోతుంది. ఓసీడీ అంటే వద్దన్నా అదే ఆలోచన తిరిగి తిరిగి రావడం, ఆ భయం తగ్గడానికి అదే పని మళ్లీ మళ్లీ చేయడం అనే మానసిక సమస్య. అందులో ఈ ఆలోచన పోకుండా పట్టుకుంటుంది. తన మనసుకు బొత్తిగా గిట్టని ఆలోచన కాబట్టే ఆ తల్లి అంతలా వణికిపోతుంది. ఓసీడీ ఆలోచనల వల్ల బిడ్డకు హాని జరిగే ప్రమాదం పెరుగుతుందనడానికి ఆధారం లేదు.

అపోహ: కత్తిపీట దాచేసి, "నువ్వేం చెయ్యవులేమ్మా" అంటూ ఉంటే తగ్గిపోతుంది.

వాస్తవం: అలా తగ్గదని చెప్పినప్పుడల్లా ఇంట్లోవాళ్ల మొహం చిన్నబోతుంది. వాళ్లు చేసింది ప్రేమతోనే. కానీ ఆ ధైర్యం గంటసేపే ఉంటుంది, మళ్లీ అడుగుతుంది. దాచిన ప్రతి వస్తువూ "అయితే ప్రమాదం ఉన్నట్టే" అని ఆమెకు చెబుతుంది. ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ అనే చికిత్సలో దీనికి ఎదురు నడుస్తాం. ముందు కత్తిపీట అటక దిగుతుంది. తర్వాత పిల్లాడు అమ్మమ్మ ఒళ్లో ఉండగా అదే గదిలో ఆమె బెండకాయలు తరుగుతుంది. ఆ తర్వాత చాప మీద వాడు, పక్కనే ఆమె. "ఏం కాదుగా?" అని అడగకుండా ఉండాలి. భయం పెరుగుతుంది, కాసేపటికి దానంతటదే దిగుతుంది. ఇంట్లోవాళ్లు అనాల్సింది ఇంతే: "ఇది ఓసీడీ అడిగిస్తున్న ప్రశ్న, జవాబు చెప్పను. నీ పక్కనే ఉంటాను."

అపోహ: బాలింతకు శుభ్రం ఎంత ఉంటే అంత మంచిది.

వాస్తవం: చేతులు పగిలేదాకా కడగడం, నిద్ర మానుకుని బిడ్డ ఊపిరి చూస్తూ కూర్చోవడం శుభ్రమూ కాదు, జాగ్రత్తా కాదు. రోజుకు గంటకు మించి ఇలాంటివాటికే పోతుంటే చూపించండి.

అపోహ: గాలి సోకింది.

వాస్తవం: దిష్టి తియ్యండి, తప్పులేదు. వైద్యం మాత్రం ఆపకండి.

అపోహ: పాలిచ్చే తల్లి మందులు వాడకూడదు.

వాస్తవం: ఓసీడీకి వాడే సెర్ట్రలిన్ అనే మందు పాలలోకి వెళ్లేది చాలా తక్కువ. పాలిస్తున్నానని డాక్టరుకు చెప్పి వాడొచ్చు. గుణం కనిపించడానికి వారాలు పడుతుంది, మధ్యలో సొంతంగా మానకండి.

వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండింటిలో వచ్చే సైకోసిస్ (ఏది నిజమో తెలియకుండా పోయే తీవ్రమైన మానసిక జబ్బు) వేరు. ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే మొదలవుతుంది. నిద్ర అక్కర్లేదంటుంది, మాటలు వినిపిస్తున్నాయంటుంది, బిడ్డలో ఏదో శక్తి ఉందని నమ్ముతుంది. అలాగైనా, చచ్చిపోవాలనిపిస్తోందన్నా, తల్లినీ బిడ్డనీ ఒంటరిగా వదలకుండా అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీమానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా తెలుగులో మాట్లాడొచ్చు. అసలు ఆలోచన నోటితో చెప్పలేకపోతే, "చెప్పుకోలేని ఆలోచనలు వస్తున్నాయండీ" అనండి, చాలు. మిగతాది మేం అడుగుతాం.