రెండు గువ్వల పండుగ

ఫిబ్రవరి 2 క్రిస్మస్ నుంచి లెక్కపెడితే నలభయ్యో రోజు. కథోలిక గుడుల్లో ఆ రోజు కొవ్వొత్తులు ఆశీర్వదించి, వెలిగించి, ఊరేగింపుగా లోపలికి వెళ్తారు. ఇప్పుడు దీన్ని ప్రభువు సమర్పణ పండుగ అంటున్నారు. 1969లో రోమన్ కేలండర్ సవరించే దాకా ఇది మరియమాత శుద్ధీకరణ పండుగ. పేరు మారేసరికి బిడ్డ ముందుకొచ్చాడు, బాలింత వెనక్కి వెళ్లింది. అసలు ఆచారం మాత్రం బాలింతదే.

బైబిల్లోని లేవీయకాండం 12వ అధ్యాయంలో లెక్క ఉంది. మగబిడ్డ పుడితే ఏడు రోజుల మైల, ఎనిమిదో రోజు బిడ్డకు సున్నతి, ఆ పైన మరో 33 రోజులు. మొత్తం 40. ఆడపిల్లయితే ఇదంతా రెట్టింపు, 80 రోజులు. ఎందుకు రెట్టింపో అక్కడ చెప్పలేదు. మన వైపు చాలా ఇళ్లలో పదకొండో రోజు పురుడు కడుక్కుంటే మైల తీరుతుంది. యూదుల దగ్గర అది దేవాలయంతో ముడిపడింది. గడువు తీరేదాకా బాలింత పవిత్రమైన వస్తువు ముట్టకూడదు, దేవాలయంలోకి రాకూడదు. ఆమె తప్పు చేసిందని కాదు. తండ్రి శవాన్ని ముట్టుకుని పాతిపెట్టిన కొడుక్కీ మైలే, అది అతని ధర్మమైనా సరే.

గడువయ్యాక ఏడాది గొర్రెపిల్ల ఒకటి, పావురప్పిల్ల గానీ గువ్వ గానీ ఒకటి తేవాలి. గొర్రెకు స్తోమత లేకపోతే రెండు పక్షులు చాలు. యెరూషలేములో బాలింతలు దేవాలయపు నికానోరు ద్వారం దగ్గర నిలబడేవారని యూదుల పాత ధర్మసూత్రాల సంకలనం మిష్నా చెబుతుంది. నాకు మనసులో నిలిచిపోయిన సంగతి కూడా మిష్నాలోదే. ఒకసారి పక్షుల జత ధర బంగారు దీనారాలకు ఎక్కింది. యూదుల ధర్మగురువు రబ్బాన్ షిమోన్ బెన్ గమ్లియేల్ ఈ రాత్రి గడిచేలోగా ధర దించుతానని గుడి మీద ఒట్టేశాడు. అయిదు కాన్పుల బాకీ ఉన్న స్త్రీ ఒక్క బలి ఇస్తే చాలు, మిగతావి తప్పనిసరి కాదని తీర్పు చెప్పాడు. ఆ రోజే ధర పావు వెండి దీనారాకు పడింది. బీద తల్లుల టెన్షన్ ఎరిగిన మనిషి ఆయన.

ఆ జత పక్షులే లూకా సువార్త 2వ అధ్యాయంలో కనిపిస్తాయి. మరియ, యోసేపు పసివాణ్ణి తీసుకుని యెరూషలేముకు వస్తారు. గొర్రెపిల్ల ఊసే లేదు. ఆ ఇంటి పేదరికం తెలియడానికి అంతకన్నా ఏం కావాలి? అక్కడే ముసలి సుమెయోను బిడ్డను ఎత్తుకుని, అన్యజనులకు వెలుగు అన్నాడు. పండుగలోని కొవ్వొత్తులకు అర్థం ఆ మాటే.

క్రీ.శ. 70లో రోమన్లు దేవాలయాన్ని కూల్చాక యూదులకు బలి ఆగిపోయింది. క్రైస్తవుల్లో మాత్రం ఆ నలభయ్యో రోజు పండుగైంది. 4వ శతాబ్దం చివర యెరూషలేము వెళ్లిన ఎగేరియా అనే యాత్రికురాలు దాన్ని చూసి రాసింది. అప్పట్లో అక్కడ నలభై రోజులు జనవరి 6 నుంచి లెక్కపెట్టేవారు కాబట్టి అది ఫిబ్రవరి 14న జరిగేది, ఆర్మీనియా సంఘం ఇప్పటికీ అదే తేదీ పాటిస్తుంది. 542లో జస్టీనియన్ చక్రవర్తి కాన్‌స్టాంటినోపుల్‌లో ఫిబ్రవరి 2ను ఖాయం చేశాడు. తూర్పు (ఆర్థడాక్స్) సంఘాలు దీన్ని 'ఎదుర్కోలు' అనే అర్థమున్న పేరుతో పిలిచాయి. రోములో తల్లి శుద్ధి పేరు స్థిరపడింది.

బాలింతను గుడి గుమ్మం దగ్గర ఆశీర్వదించి లోపలికి తీసుకెళ్లే ఆచారమూ యూరప్‌లో శతాబ్దాల పాటు నడిచింది. ఇంగ్లండ్‌లోని ఆంగ్లికన్ సంఘం ప్రార్థన పుస్తకం 1549లో దాన్ని స్త్రీల శుద్ధీకరణ అంది, 1552 కల్లా కాన్పు తర్వాతి కృతజ్ఞత అని మార్చింది. నా ఉద్దేశంలో ఆ మార్పు చాలా మంచిది. ప్రాణాలతో బయటపడిన తల్లికి కావలసింది కడగడం కాదు.

తూర్పు సంఘాల పండుగ చిత్రంలో తల్లి బిడ్డను సుమెయోనుకు అందిస్తూ ఉంటుంది. వెనక యోసేపు. అతని చేతుల్లో రెండు గువ్వలు.