డోలు కొట్టి పెంచిన జబ్బు

1518 జులై. ఇప్పటి ఫ్రాన్స్‌లో ఉన్న స్ట్రాస్‌బర్గ్ నగరం వీధిలో ట్రాఫియా అనే ఇల్లాలు ఉన్నట్టుండి నాట్యం ఆడడం మొదలుపెట్టింది. సొమ్మసిల్లి పడిపోయేదాకా ఆడింది, తేరుకున్నాక మళ్ళీ లేచింది. వారం తిరిగేసరికి ఆమెతో పాటు ముప్పై మందికి పైగా ఆడుతున్నారు. నెల గడిచేసరికి దాదాపు 400 మంది అని ఒక పాత చరిత్ర లెక్క చెబుతుంది.

ఇది గ్రహదోషం కాదు, రక్తం వేడెక్కి వచ్చిన జబ్బు అన్నారు ఊరి వైద్యులు. ఆడనిస్తే వేడి దిగుతుందనుకుని నగర పాలకులు వడ్రంగుల సంఘం, అద్దకంవాళ్ళ సంఘం భవనాలు ఖాళీ చేయించారు. గుర్రాల సంతలోనూ ధాన్యం అంగడిలోనూ వేదికలు కట్టించారు. డోళ్ళు, పిల్లనగ్రోవులు వాయించేవాళ్ళకు కూలి ఇచ్చారు. తూలిపోయేవాళ్ళను పట్టి నిలబెట్టడానికి బలమైన మనుషులను కూడా పెట్టారు.

అక్కడే బెడిసికొట్టింది. క్రైస్తవులు కొలిచే పునీతుడు సెయింట్ వైటస్‌కు కోపం వస్తే మనిషిని ఆగకుండా ఆడిస్తాడని రైన్ నదీ తీరంలో గట్టి నమ్మకం. పంటలు పోయి, ఆకలితో, రోగాలతో నలిగిపోయి ఉన్న జనం ఆ వేదికల మీద చూసింది ఆ శాపాన్నే. జాతరలో డప్పు దరువు పెరిగేకొద్దీ పూనకం ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా పాకుతుందో చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఒళ్ళు తెలియని ఆ స్థితిలో నొప్పీ అలసటా సరిగా తెలియవు.

గోధుమలాంటి రై అనే ధాన్యం గింజలకు పట్టే ఎర్గాట్ బూజే కారణమని ఇప్పటికీ చాలామంది రాస్తుంటారు. ఆ వాదన నిలవదు. ఎర్గాట్ విషం రక్తనాళాలను బిగించేస్తుంది. కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కుతాయి, ఈడ్పులు వస్తాయి, ముదిరితే వేళ్ళు కుళ్ళిపోతాయి. అలాంటి కాళ్ళతో రోజుల తరబడి అడుగులు వేయడం కుదరదు. పైగా 1374లో ఆహెన్, కొలోన్, లియేజ్ ఊళ్ళలోనూ ఇదే జరిగింది. ఈ ఊళ్ళన్నీ ఇంచుమించు ఒకే ప్రాంతంలోవి. ఎర్గాట్ మాత్రం రై పండే చోటల్లా ఉండేది.

రోజుకు 15 మంది చచ్చిపోయారన్న మాట తర్వాతి రాతల్లోది. ఆనాటి నగర పత్రాల్లో మరణాల లెక్కే లేదు.

జబ్బు ముదిరాక పాలకులు దారి మార్చారు. వేదికలు పీకించి, సెప్టెంబరు దాకా ఆటపాటలు నిషేధించారు. పెళ్ళిళ్ళలో తీగ వాయిద్యాలకు మాత్రం సరేనన్నారు, డోలు వద్దన్నారు. ఆడేవాళ్ళను బళ్ళకెక్కించి సావెర్న్ కొండ గుహలో ఉన్న వైటస్ గుడికి పంపారు. అక్కడ చేతికి చిన్న సిలువలు ఇచ్చి, కాళ్ళకు ఎర్ర చెప్పులు తొడిగారు. ఆ చెప్పుల పైనా అడుగునా పవిత్ర తైలంతో సిలువ గుర్తు వేశారు. శాపం తీరిందని నమ్మినవాళ్ళ కాళ్ళు ఒక్కొక్కరివే ఆగుతూ వచ్చాయి.