పాత ఫియట్‌కు లావు టైర్లు: అపోహలు, వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో టైర్లు, వీల్ బ్యాలెన్సింగ్ పని చేస్తాను. ప్రీమియర్ పద్మినిని (మనవాళ్లకు ఇప్పటికీ ఫియటే) ముచ్చటపడి బాగు చేయించుకున్నవాళ్లు ఆఖరున నా దగ్గరికొచ్చి, "కొంచెం లావు టైర్లు వేయండి" అంటారు. వాళ్లకు రోజూ చెప్పే మాటలే ఇవి.

అపోహ: టైరు ఎంత వెడల్పుంటే అంత గ్రిప్.

వాస్తవం: పొడి రోడ్డు మీద, మలుపుల్లో కొంత నిజమే. కానీ పద్మిని బరువు 900 కిలోల దరిదాపుల్లోనే ఉంటుంది. అంత తేలిక బండికి వెడల్పు టైరు వేస్తే, నిలిచిన వాననీటిని చీల్చుకుని రోడ్డును అందుకోవడం కష్టం, నీళ్ల మీద తేలిపోతుంది. పైగా పవర్ స్టీరింగ్ లేదు, పార్కింగ్‌లో భుజాలు నొప్పెడతాయి.

అపోహ: 14 అంగుళాల రిమ్ముకు 14 అంగుళాల టైరు ఏదైనా పడుతుంది.

వాస్తవం: ఎక్కడం వేరు, సరిగ్గా కూర్చోవడం వేరు. ఈ బండికి మొదట వచ్చిన సైజు 5.20-14 (5.20 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల రిమ్ము), దానికి తగ్గట్టే రిమ్ము సన్నం. 185/60 ఆర్14 అంటే 185 మి.మీ. వెడల్పు, సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) ఎత్తు అందులో 60 శాతం, 14 అంగుళాల రిమ్ముకు సరిపోయే రేడియల్ టైరు; దానికి కనీసం 5 అంగుళాల వెడల్పు రిమ్ము కావాలి. సన్నటి రిమ్ముకు బలవంతంగా ఎక్కిస్తే సైడ్‌వాల్ ఉబ్బిపోతుంది, మలుపులో బండి తూలుతుంది. ఎత్తూ తగ్గుతుంది: 185/60 మొత్తం ఎత్తు సుమారు 578 మి.మీ., పాత టైరుది 600 దాటుతుంది. స్పీడోమీటర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. 175/70 అయితే దాదాపు 600 వస్తుంది, అందుకే నేను అదే చెబుతాను. దానికీ నాలుగున్నర అంగుళాల రిమ్ము ఉండాలి. కొనేముందు రిమ్ము కొలిపించండి.

అపోహ: మెషీన్‌లో సున్నా వచ్చిందంటే బ్యాలెన్సింగ్ అయిపోయినట్టే.

వాస్తవం: చక్రంలో ఒకవైపు బరువు ఎక్కువుంటే మెషీన్ ఆ తేడాను గ్రాముల్లో చూపిస్తుంది; సీసం ముక్కలు పెట్టి దాన్ని సున్నాకు తేవడమే బ్యాలెన్సింగ్. అందరూ బోల్తా పడేది ఇక్కడే. ఒకాయన మూడు షాపులు తిరిగి వచ్చారు. రిమ్ము లోపలంతా సీసం ముక్కలే, అయినా 70 దాటితే స్టీరింగ్ వణుకుతోంది. చక్రాన్ని మెషీన్‌కు ఎక్కిస్తే నాకూ సున్నానే చూపించింది. నట్టు వదులు చేసి, షాఫ్ట్ మీద చక్రాన్ని సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించాను. ఈసారి 25 గ్రాములు చూపించింది! చక్రం మెషీన్ మీద నడిమధ్యలో కూర్చోవట్లేదన్న మాట. మెషీన్ కోన్ (చక్రాన్ని షాఫ్ట్ మీద నిలిపే, ఒకవైపు సన్నగా ఉండే ముక్క) రిమ్ము మధ్య రంధ్రాన్ని పట్టుకుంటుంది. ఆ రంధ్రం నిండా తుప్పు, దాని మీద రెండు పూతల పెయింటు. బండి మీద మాత్రం ఆ చక్రాన్ని మధ్యలో నిలిపేది బోల్టుల ఏటవాలు అంచులే.

రంధ్రం గీకి శుభ్రం చేశాను. పాత ముక్కలన్నీ పీకేసి, బోల్టు రంధ్రాల్లో పట్టుకునే ప్లేటుతో బిగించి మొదటి నుంచీ చేశాను. వణుకు పోయింది. మీరూ షాపులో "ఒకసారి సగం తిప్పి మళ్లీ చూడండి" అని అడగండి, మొహమాటం అక్కర్లేదు. రిమ్ము అంచున 20 గ్రాములు తేడా ఉంటే, వంద స్పీడులో అది సుమారు 3 కిలోల బలంతో సెకనుకు 15 సార్లు చక్రాన్ని లాగుతుంది. కింగ్ పిన్నులు (ముందు చక్రాలు పక్కలకు తిరిగేందుకు ఆధారమయ్యే పిన్నులు), బేరింగులు ఆ దెబ్బలన్నీ తింటాయి.

ఒంపు తిరిగిన రిమ్మును మాత్రం ఎన్ని ముక్కలు అంటించినా కాపాడలేం. దాన్ని సరిచేయించాలి, లేదా మార్చాలి.

అపోహ: ట్యూబ్‌లెస్ టైరు వేస్తే ట్యూబు అవసరం లేదు.

వాస్తవం: పాత రిమ్ముల్లో టైరు అంచును జారకుండా ఆపే చిన్న గట్టు చాలావాటికి ఉండదు. గట్టు లేకపోతే మలుపులో గాలి ఒక్కసారిగా పోవచ్చు. అలాంటి రిమ్ముకు రేడియల్ ట్యూబు (రేడియల్ టైర్ల కోసం చేసిన ట్యూబు) వేయాల్సిందే.

అపోహ: గాడులు లోతుగా ఉంటే టైరు కొత్తదే.

వాస్తవం: షెడ్డులో ఉండే బండికి టైరు అరిగేలోపే రబ్బరు ముసలిదవుతుంది. టైరు పక్కగోడ మీద తయారీ తేదీ చెప్పే నాలుగంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం. చిన్న బీటలు కనిపిస్తే, అరగకపోయినా తీసేయండి.

టైర్లు వేశాక స్టీరింగ్‌ను రెండు వైపులా చివరికంటా తిప్పి, మడ్‌గార్డుకు రాసుకుంటోందేమో చూడండి. వంద కిలోమీటర్లు తిరిగాక బోల్టులు మళ్లీ బిగించుకోండి. నా దగ్గర వేయించుకున్నవాళ్లు ఎప్పుడొచ్చినా బిగించి పంపుతాను, డబ్బులు తీసుకోను.