సిగ్నల్ లేని చెరువుగట్టు మీద రాసిన లెక్క

రొయ్యల చెరువులో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. పగలు ఎండలో ప్లాంక్టన్, అంటే నీటిలో తేలే సూక్ష్మజీవులు, ఆక్సిజన్‌ను తయారు చేస్తుంది. రాత్రయ్యాక ఆ ప్లాంక్టనే, రొయ్యలతోనూ అడుగున కుళ్లే మేతతోనూ కలిసి, దాన్ని వాడేసుకుంటుంది. లీటరు నీటిలో 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూసుకోవాలని వనామీ రకం రొయ్యల సాగులో అందరూ చెప్పే మాట. అందుకే భీమవరం, అమలాపురం చుట్టుపక్కల చెరువులు చూసే టెక్నీషియన్లు చీకటి ఉండగానే మీటరు పట్టుకుని గట్టెక్కుతారు. మీటరు చూపిన అంకెను అక్కడే ఫోనులో నమోదు చేయాలి. లంకల్లోనూ, సముద్రం దగ్గరి చెరువుల మీదా ఆ వేళకు సిగ్నల్ అందుతుందన్న భరోసా లేదు.

కాబట్టి ఇలాంటి పనికి వాడే యాప్ నెట్ లేకపోయినా అంకెను తీసుకుని ఫోనులోనే భద్రంగా దాచుకోవాలి. నెట్ తగలగానే సర్వర్‌కు, అంటే అందరి లెక్కలూ ఒకచోట ఉండే కంప్యూటర్‌కు, చేరవేసి, అక్కడి కొత్త సంగతులు తెచ్చుకోవాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్నే సింక్ అంటారు. అది నత్తనడక నడిస్తే తప్పంతా నెట్‌వర్క్ మీదికి నెట్టేయడం అలవాటైపోయింది. నేను ఒప్పుకోను. సింక్ ఎంత వేగంగా సాగుతుందన్నది నెట్ వచ్చాక తేలే విషయం కాదు. నెట్ లేని గంటల్లో ఫోను ఆ అంకెను ఏ రూపంలో రాసుకుందన్న దగ్గరే సగానికి పైగా తేలిపోతుంది.

మేత లెక్కనే తీసుకుందాం. ఒక చెరువుకు పొద్దున్న రైతు 40 కిలోల మేత వేయించి తన ఫోనులో రాశాడు. మధ్యాహ్నం చెక్ ట్రేలు (మేత ఎంత తిన్నాయో తెలిపే పళ్లేలు) చూసిన టెక్నీషియన్ మరో 35 కిలోలు వేయించి తన ఫోనులో రాశాడు. ఇద్దరికీ నెట్ లేదు. యాప్‌లో ‘ఈ రోజు మొత్తం మేత’ అని ఒకే గడి ఉంటే రైతు ఫోనులో 40, టెక్నీషియన్ ఫోనులో 35 ఉంటాయి. సాయంత్రం రెండూ సర్వర్‌కు చేరతాయి. చివర వచ్చినదే చెల్లుతుందన్న నియమం పెట్టి ఉంటే ముందు వచ్చిన అంకె చెరిగిపోతుంది. 75 ఉండాల్సిన చోట 40 గానీ 35 గానీ మిగులుతుంది. మర్నాటి మేతను ఆ తప్పుడు అంకె చూసే నిర్ణయిస్తారు.

పాత కొట్ల గుమాస్తాలకు ఈ చిక్కు లేదు. వాళ్లు జరిగిన ప్రతి లావాదేవీనీ జరిగినట్టు చిట్టాలో రాసేవారు, మొత్తాలను తర్వాత ఆవర్జాలో తేల్చేవారు. యాప్ కూడా మొత్తాన్ని పంపకుండా ‘40 కిలోలు వేశాం’, ‘35 కిలోలు వేశాం’ అన్న పద్దులను పంపితే ఏది ముందు చేరినా, ఏది వెనక చేరినా కూడిక 75 తప్పదు. మార్క్ షపీరో, నూనో ప్రెగీసా, కార్లోస్ బకేరో, మారెక్ జవిర్‌స్కీ 2011లో సీఆర్‌డీటీలు అన్న పేరుతో ఒక క్రమంలో పెట్టిన ఆలోచనకు ఇది అతి సరళమైన ఉదాహరణ. ఏ వరసలో కలిపినా ఒకే ఫలితం వచ్చేలా సమాచారాన్ని ముందే మలచుకోవడం అందులోని కీలకం. వేగానికి దీనితో సంబంధం ఏమిటంటే, ఎవరి అంకె నిలవాలో తేల్చడానికి ఫోనూ సర్వరూ మళ్లీ మళ్లీ మాట్లాడుకోనక్కరలేదు. పంపడం, చేరిందని కబురు అందుకోవడం, అంతటితో పని పూర్తి.

అన్నీ ఇలా కూడికలతో తీరవు. చెరువులో రొయ్య పిల్లను వదిలిన తేదీని ఇద్దరు రెండు రకాలుగా దిద్దితే ఏ గణితమూ నిజం చెప్పలేదు. అప్పుడు రెండు తేదీలనూ దాచి మనిషికే చూపించాలి. యంత్రం తనంతట తాను ఒకదాన్ని పారేయడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

పద్దులు పెరిగిపోవా అని అనుమానం రావచ్చు. పెరుగుతాయి, అందుకే పంపేముందు ఏరివేత ఉండాలి. ఆక్సిజన్ అంకెను 4.3 బదులు 3.4 అని కొట్టి, వెంటనే దిద్దుకుంటే సర్వర్‌కు దిద్దిన అంకె ఒక్కటి చాలు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో సత్యనారాయణన్ బృందం 1987లో మొదలుపెట్టిన కోడా ఫైల్ వ్యవస్థ ఈ పనే చేసేది. నెట్‌వర్క్ తెగినప్పుడు జరిగిన మార్పులన్నీ వరసగా రాసుకునేది. ఒక ఫైలును సృష్టించి, తిరిగి కలవక ముందే తీసేసి ఉంటే ఆ రెండు పద్దులనూ కొట్టేసేది. స్మార్ట్‌ఫోన్లు రాకముందు, ల్యాప్‌టాప్‌ల కోసం ఆలోచించిన పద్ధతి ఇది.

ఇక ప్రయాణం సంగతి. ఒక టెక్నీషియన్ ఫోనులో 300 పద్దులు పేరుకున్నాయనీ, ఒక్కోటి 200 బైట్లనీ అనుకుందాం. మొత్తం 60 కిలోబైట్లు. సిగ్నల్ అంతంత మాత్రమై సెకనుకు 100 కిలోబిట్లే (ఒక బైటుకు 8 బిట్లు) వెళ్తున్నా ఆ సరుకు చేరడానికి 5 సెకన్లు చాలు. కానీ ఒక పద్దు పంపి, సర్వర్ జవాబు వచ్చాక రెండోది పంపే యాప్‌లో ఒక్కో రాకపోకకు అర సెకను పట్టినా 300 సార్లకు 150 సెకన్లు అవుతుంది. 50 చొప్పున కట్ట కడితే 6 రాకపోకలు, 3 సెకన్లు. అంతా కలిపి 8 సెకన్లలో పని ముగుస్తుంది. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠ గోదావరిని పంటు మీద దాటుతూ ఒక నిమిషం సిగ్నల్ దొరికినవాడికి ఈ రెండు పద్ధతుల తేడా పూర్తిగా తెలుస్తుంది. అలాగని మొత్తం ఒకే కట్టగా కట్టినా ప్రమాదమే. మధ్యలో తెగిపోతే మళ్లీ మొదటికి వస్తుంది. చిన్న కట్టతో మొదలుపెట్టి, చేరిన కొద్దీ పెంచి, తెగితే సగానికి తగ్గించే యాప్ ఎలాంటి చోటైనా నెగ్గుకొస్తుంది. బ్యాటరీకి కూడా ఇదే మేలు. ఒకసారి పంపాక ఫోనులోని రేడియో వెంటనే నిద్రపోదు, కొన్ని సెకన్లపాటు మేలుకునే ఉంటుంది. విడివిడిగా పంపితే ప్రతిసారీ ఆ ఖర్చు మీద పడుతుంది.

మన భాషకు ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. ‘అంతర్వేది’ అన్న ఊరి పేరులో, అన్ని లిపుల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్ లెక్కన, 9 సంకేతాలున్నాయి: అ, సున్న, త, ర, పొల్లు, వ, ఏత్వం, ద, గుడి. ఆ సంకేతాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ 3 బైట్లు పడతాయి కాబట్టి మొత్తం 27 బైట్లు. అదే పేరు ఇంగ్లీషు అక్షరాల్లో 9 బైట్లతో సరిపోతుంది. కొన్ని ప్రోగ్రాములు తెలుగును నేరుగా పంపకుండా ఒక్కో సంకేతాన్ని 6 ఇంగ్లీషు అక్షరాల కోడ్‌గా మార్చి పంపుతాయి. అప్పుడు ఆ ఊరి పేరు 54 బైట్లవుతుంది. 300 పద్దుల్లోనూ ఊరి పేరు, మండలం పేరు, మేత రకం పేరు మళ్లీ మళ్లీ వెళ్తుంటే అంకెల కన్నా పేర్ల బరువే ఎక్కువవుతుంది. దీనికి మందు తెలుగును వదిలేయడం కాదు. ఊళ్ల జాబితాను ఫోనులో ఒకసారి ఉంచుకుని పద్దులో ఆ ఊరి సంఖ్య ఒక్కటి పంపాలి, మిగిలినదాన్ని కుదించాలి. కుదింపు పద్ధతులు మళ్లీ మళ్లీ వచ్చే ముక్కలను పట్టుకునే పని చేస్తాయి కాబట్టి ఒక్క పద్దును కుదిస్తే పెద్దగా తగ్గదు, 50 పద్దుల కట్టను కుదిస్తే బాగా తగ్గుతుంది. తెర మీద రైతుకు కనిపించేది మాత్రం చక్కని తెలుగే కావాలి.

ఫొటోలది వేరే దారి. వైట్ స్పాట్ అనే తెల్లమచ్చల తెగులు అనుమానం వచ్చిన రొయ్యను ఫొటో తీస్తే 3 మెగాబైట్లు ఉండవచ్చు. పైన చెప్పిన వేగంతో అది చేరడానికి 4 నిమిషాలు పడుతుంది, దాని వెనక వరసలో ఉన్న ఆక్సిజన్ అంకెలన్నీ అంతసేపూ ఆగిపోతాయి. ఫొటోను ఫోనులోనే 200 కిలోబైట్లకు తగ్గిస్తే 16 సెకన్లు. అయినా దానికి వేరే వరస ఉండాలి. అంకెలే ముందు వెళ్లాలి.

పద్దు సర్వర్‌కు చేరింది, ‘అందింది’ అన్న జవాబు మాత్రం దారిలో తెగిపోయింది అనుకుందాం. ఫోను మళ్లీ పంపుతుంది. 40 కిలోలు 80 అవుతాయి. అందుకని పద్దు పుట్టినప్పుడే ఫోను దానికి 128 బిట్ల గుర్తింపు సంఖ్య వేయాలి. ఆ సంఖ్యతో పద్దు ముందే ఉంటే సర్వర్ రెండోసారి కలపదు. ఈ ఒక్క ఏర్పాటు ఉంటే యాప్ భయం లేకుండా ఎన్నిసార్లయినా మళ్లీ పంపవచ్చు.

సర్వర్ నుంచి తెచ్చుకునేటప్పుడు ‘నిన్న సాయంత్రం 6 తర్వాత మారినవి ఇవ్వు’ అని గడియారాన్ని నమ్ముకోకూడదు. ఫోన్ల గడియారాలు తప్పుతాయి. వేర్వేరు యంత్రాల్లో జరిగిన సంఘటనల వరసను గడియారం లేకుండా ఎలా తేల్చాలో లెస్లీ లాంపోర్ట్ 1978లోనే చూపించాడు. ఆచరణలో సర్వర్ ప్రతి మార్పుకూ ఒక వరస సంఖ్య వేస్తే చాలు. ‘4,182 దాకా నా దగ్గరున్నాయి’ అని ఫోను చెబితే ఆ తర్వాతివే వస్తాయి. అవి కూడా ఆ టెక్నీషియన్ చూసే చెరువులవే రావాలి, జిల్లా అంతటివీ కాదు. వచ్చినవాటిని ఫోనులోని ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లో ఒక్కొక్కటిగా ఖాయం చేస్తే ప్రతిదానికీ నిల్వ మీద రాయడం పూర్తయ్యేదాకా ఆగాలి. అన్నిటినీ ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే ఒకే దఫాగా, రాస్తే ఆ ఆగడం ఒక్కసారితో పోతుంది. మార్పులు కొద్దివే అయినా సింక్ సాగుతూనే ఉందంటే నేను మొదట చూడమనేది ఇక్కడే.

వరద రోజుల్లో మరో చిక్కు వస్తుంది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 17 లక్షలకు మూడోది. 2022 జులైలో ఆ మూడోదీ దాటి లంకలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటప్పుడు కరెంటు పోయి ఆగిన టవర్ తిరిగి పనిచేయగానే అక్కడున్న ఫోన్లన్నీ ఒక్కసారే సర్వర్ మీద పడతాయి. అందరికీ తప్పిన సింక్‌ను అందరూ సరిగ్గా 30 సెకన్లకే మళ్లీ మొదలుపెడితే మళ్లీ అదే తొక్కిసలాట. నార్మన్ అబ్రామ్‌సన్ బృందం 1971లో హవాయి దీవులను రేడియోతో కలిపినప్పుడే ఈ ఢీకొట్టుకోవడం ఎదురైంది. మళ్లీ పంపేముందు ఎవరికి వారు యాదృచ్ఛికంగా ఎంచుకున్నంతసేపు ఆగడమే వాళ్లు కనిపెట్టిన విరుగుడు. ఇప్పుడు 1, 2, 4, 8 సెకన్లు అంటూ విరామాన్ని రెట్టింపు చేస్తూ దానికి కొంత యాదృచ్ఛికతను కలుపుతున్నారు.

ఇవన్నీ హైదరాబాద్ ఆఫీసులో వైఫై మీద పరీక్షిస్తే పనిచేసినట్టే కనిపిస్తాయి. కట్ట సగం వెళ్లాక నెట్ తెంపి చూడాలి. జవాబు వచ్చే క్షణంలో తెంపి చూడాలి. ఫోను గడియారాన్ని ఒక రోజు వెనక్కి తిప్పి చూడాలి. సగటు సమయంతో తృప్తి పడకుండా, అన్నిటికన్నా ఆలస్యమైన సింక్‌లు ఏ ఊళ్ల నుంచి వస్తున్నాయో చూడాలి. ‘పంపాల్సినవి 12’ అని తెర మీద ఒక మూల ఎప్పుడూ కనిపించాలి కూడా. రేవు దాటేముందు ఇంకో నిమిషం ఆగాలో వద్దో ఆ టెక్నీషియన్ దాన్ని చూసే నిర్ణయించుకుంటాడు.