తలుపు సందులోంచి కంచం

బెంగళూరు మారతహళ్ళిలో మా అక్క వాళ్లింట్లో రాత్రి తొమ్మిదింటికి గొడవ మొదలవుతుంది. "ఫోన్ పక్కన పెట్టి అన్నానికి రారా" అంటుంది అక్క. "ఐదు నిమిషాలమ్మా" అంటాడు పద్నాలుగేళ్ల మేనల్లుడు. మూడోసారికి అక్క గొంతు లేస్తుంది. వాడు అంతకంటే గట్టిగా అరిచి తలుపు దభాలున వేసుకుంటాడు. అమెరికా కాల్‌లో ఉన్న బావ మ్యూట్ నొక్కి "ఏంటా గోల!" అంటాడు. చివరికి అక్క అన్నం కలిపిన కంచం తలుపు సందులోంచి అందిస్తుంది. ఫోన్ వాడి దగ్గరే ఉంటుంది.

అరిస్తే ఫోన్ మిగులుతుందని వాడికి తెలిసింది. వదిలేస్తే ఇల్లు సద్దుమణుగుతుందని అక్కకి తెలిసింది. అమెరికాలోని ఒరెగాన్‌లో జెరాల్డ్ పాటర్సన్ అనే సైకాలజిస్టు బృందం ఇళ్లకి వెళ్లి, ఎవరు ఏమన్నారు, వెంటనే అవతలివాళ్లు ఏం చేశారు అన్నది వరసగా రాసుకుంది. ఈ గొడవల లెక్కని ఆయన 1982లో వివరంగా రాశాడు. ఇష్టం లేనిది ఆగిపోవడమే ఇద్దరికీ బహుమతి. దీన్ని ఋణాత్మక పునర్బలనం అంటారు. పేరు విని శిక్ష అనుకుంటారు గానీ, కాదు. మాత్రతో తలనొప్పి తగ్గితే మళ్లీ అదే మాత్ర వెతుక్కుంటాం చూడండి, అలాంటిది. అక్క అరిచి నెగ్గిన రోజున కూడా వాడికి తెలిసేది ఒక్కటే, గొంతు పెద్దదైతే మాట చెల్లుతుందని.

"అంతా గారాబం" అని మా అమ్మ అనంతపురం నుంచి ఫోన్‌లోనే తేల్చేస్తుంది. నాకలా అనిపించదు. ఉద్వేగాన్ని రగిలించే మెదడు భాగాలు ఈ వయసులో చురుగ్గా ఉంటాయి. పగ్గం వేసే ముందరి భాగం మాత్రం ఇరవైల మధ్య దాకా ఎదుగుతూనే ఉంటుంది. పైగా పోయినేడు స్కూలు మారాడు, కన్నడ రాదు, పాత స్నేహితులు లేరు. టీనేజీలో దిగులు ఏడుపుగా కాకుండా చిరాకుగా బయటపడటం మామూలే. నిద్ర, తిండి, ఆటలు కూడా వారాల తరబడి తగ్గితే పొగరనుకోకుండా బెంగళూరులోని మానసిక వైద్యసంస్థ నిమ్హాన్స్ లాంటి చోట చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనూ మాట్లాడొచ్చు.

అక్క ఇప్పుడు సాయంత్రమే, వాడు మామూలుగా ఉన్నప్పుడే, తొమ్మిదింటికి ఫోన్ హాల్లో పెట్టాలని ఒక్కసారి చెబుతుంది. మొదట్లో వాడి అరుపులు పెరిగాయి. పాత పద్ధతి పనిచేయనప్పుడు ముందు దాన్నే ఇంకా గట్టిగా వాడి చూస్తారు. చాలా ఇళ్లు ఇక్కడే చేతులెత్తేస్తాయి.

నేనున్న మూడో రాత్రీ తలుపు పడింది. అక్క కంచం మీద మూత పెట్టి టేబుల్ మీదే ఉంచింది. పదిన్నరకి హాల్లో మూత చప్పుడైంది.