చిలుకకు దాని సొంత కథ ఇవ్వండి

పిల్లలూ,

మీరు రాసి పంపిన అంతరిక్షం కథలు చదువుతున్నాను. వాటిలో చాలాచోట్ల చిలుకలు కనిపించాయి, నాకు భలే సంతోషమేసింది. అయితే దాదాపు అన్ని కథల్లోనూ చిలుక చేసే పని ఒకటే. కెప్టెన్ భుజం మీద కూర్చుంటుంది, ఆయనన్న మాటే మళ్లీ అంటుంది, మధ్యలో ఒక జోకు వేస్తుంది, ఉల్క దగ్గరికొస్తే "ప్రమాదం, ప్రమాదం" అని అరుస్తుంది. చిలుకను తీసేసి ఆ చోట ఒక స్పీకర్ పెట్టినా మీ కథ ఆగదు. ఈ విషయం మీతో కాస్త వివరంగా మాట్లాడాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

తప్పు మీదొక్కరిదే కాదులెండి, మన పాత కథల్లోనూ ఇంతే. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఎక్కడో సముద్రాల అవతల ఒక చిలకలో ఉంటుంది కదా. బాలనాగమ్మ కొడుకు వెళ్లి ఆ చిలకను చంపితే ఫకీరు చస్తాడు. మా చిన్నప్పుడు ఆ ఘట్టం రాగానే అందరం చప్పట్లు కొట్టేవాళ్లం. ఆ చిలక ఏం పాపం చేసిందని మాలో ఒక్కరూ అడగలేదు. ఎవడి ప్రాణమో దానిలో దాచారు, దాని ప్రాణం సంగతి ఎవరికీ పట్టలేదు.

సైన్స్ ఫిక్షన్‌లో దీనికి పూర్తిగా ఎదురు తిరిగిన కథ ఒకటుంది. టెడ్ చియాంగ్ అనే అమెరికన్ రచయిత రాసిన 'ది గ్రేట్ సైలెన్స్'. ముందు దాన్ని ఇద్దరు కళాకారుల వీడియో ప్రదర్శన కోసం రాశారు, తర్వాత కథగా అచ్చయింది. చాలా చిన్న కథ, పది నిమిషాల్లో చదివేయొచ్చు. అందులో కథ చెప్పేది ఒక చిలుక. అదీ ఏ గ్రహాంతర చిలుకో కాదు, కరీబియన్ సముద్రంలోని ప్యూర్టో రికో దీవిలో నిజంగా బతుకుతున్న జాతి. ఆకుపచ్చ ఒళ్లు, ముక్కు పైన నుదుటి మీద ఎర్రటి చార, కంటి చుట్టూ తెల్లటి వలయం. అక్కడివాళ్లు ఇగువాకా అంటారు.

ఆ చిలుక ఏమడుగుతుందో అర్థం కావాలంటే, అది ఎక్కడ నుంచి మాట్లాడుతోందో మీకు తెలియాలి. ఆ దీవిలో అరెసీబో అనే ఊరి దగ్గర కొండల మధ్య సహజంగా ఏర్పడిన పెద్ద గుంట ఉంది. అందులో 1963లో 305 మీటర్ల వెడల్పున్న రేడియో టెలిస్కోపు కట్టారు, అంటే ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టే పెద్ద పళ్లెం అన్నమాట. చాలా ఏళ్లపాటు ఒకే పళ్లెంతో కట్టిన టెలిస్కోపుల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది అదే. 1974 నవంబర్ 16న దాని నుంచి ఎమ్13 అనే నక్షత్రాల గుంపు వైపు ఒక సందేశం పంపారు. ఆ గుంపు మనకు సుమారు 25 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, అంటే సందేశం చేరడానికే అన్ని వేల ఏళ్లు. పంపడానికి మాత్రం మూడు నిమిషాలు కూడా పట్టలేదు. అందులో ఒకటి నుంచి పది వరకు అంకెలు, డీఎన్ఏ ఆకారం, మనిషి బొమ్మ, మన సూర్యకుటుంబం, ఆ టెలిస్కోపు బొమ్మ ఉన్నాయి. చిలుక లేదు.

ఆ టెలిస్కోపుకు అట్టే దూరం కాని రియో అబాహో అడవిలో ఈ ఇగువాకా చిలుకలుంటాయి. చియాంగ్ కథలోని చిలుక అడిగేది చాలా మామూలు ప్రశ్న. మనుషులు ఇంత పెద్ద చెవి కట్టి, తమతో మాట్లాడే మరో తెలివైన ప్రాణి కోసం ఆకాశమంతా వెతుకుతున్నారే, మాట్లాడగల మేం పక్కనే ఉంటే మమ్మల్నెందుకు వినరు? కోపంగా అడగదు. అందుకే ఆ ప్రశ్న చదివినవాళ్ల మనసులోంచి ఓ పట్టాన పోదు.

ఇదంతా కల్పనే కదా, చిలుకలు నిజంగా మాట్లాడవు కదా అంటారేమో. ఆ కథలోనే అలెక్స్ అనే చిలుక ప్రస్తావన ఉంది, అలెక్స్ కల్పన కాదు. ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే శాస్త్రవేత్త 1977లో షికాగోలో ఒక పెంపుడు జంతువుల దుకాణంలో కొన్న ఆఫ్రికా బూడిద రంగు చిలుక అది. ఆమె ముప్పై ఏళ్లపాటు దానికి నేర్పుతూ, దాన్ని పరీక్షిస్తూ వచ్చారు. అది సుమారు 50 వస్తువుల పేర్లు చెప్పేది, ఏడు రంగులు, ఐదు ఆకారాలు గుర్తుపట్టేది, ఆరు వరకు లెక్కపెట్టేది. రెండు వస్తువులు చూపించి వీటిలో తేడా ఏంటి అని అడిగితే రంగా, ఆకారమా, దేనితో చేశారన్నదా, చెప్పేది. ఏ తేడా లేకపోతే లేదనేది. ఇది బట్టీ పట్టి చెప్పేది కాదు, ఎందుకంటే ముందెప్పుడూ చూడని వస్తువులు పెట్టినా చెప్పింది. ఒకసారి అద్దంలో తనను చూసుకుని "ఏ రంగు?" అని అడిగింది, అక్కడున్న విద్యార్థిని "బూడిద రంగు" అని చెప్పింది. ఓ జంతువు తన గురించి తానే ఒక ప్రశ్న అడిగింది! 2007 సెప్టెంబర్‌లో అది చనిపోయింది. అంతకు ముందు రోజు రాత్రి పెప్పర్‌బర్గ్ ఇంటికి బయల్దేరుతుంటే రోజూ చెప్పినట్టే, బుద్ధిగా ఉండు, నిన్ను ప్రేమిస్తున్నాను, రేపు కలుద్దాం అని చెప్పిందట. చియాంగ్ కథ ముగిసేది కూడా వాటిలోని మొదటి రెండు మాటలతోనే.

అయితే అలెక్స్ మాట్లాడింది మన భాష. చిలుకలకు తమలో తాము మాట్లాడుకునేది వేరే ఉంటుంది, మీ కథలకు అసలు సరుకు అక్కడుంది. వెనిజులాలో పిచ్చుకంత ఉండే ఒక చిన్న చిలుక జాతి ఉంది. గూట్లోని ఒక్కో పిల్లకూ ఒక్కో ప్రత్యేకమైన పిలుపు ఉంటుంది, పేరు లాంటిదన్నమాట. అది పుట్టుకతో వస్తుందా, నేర్చుకుంటే వస్తుందా అని తేల్చడానికి పరిశోధకులు కొన్ని గూళ్లలో గుడ్లు మార్చి చూశారు. పిల్లలకు వచ్చిన పిలుపు పెంచిన తల్లిదండ్రుల పిలుపునే పోలి ఉంది, కన్నవాళ్లది కాదు. ఈ ఫలితం 2011లో అచ్చయింది. చూశారా, ఇంట్లో పెద్దవాళ్లే పేరు పెడతారు! ఇప్పుడు మీ అంతరిక్ష నౌకలో పుట్టిన చిలుక పిల్లకు పేరు ఎవరు పెట్టాలి? కెప్టెనా, దాని అమ్మా?

శరీరం సంగతి కూడా చెప్తాను. 1990లో సోవియట్ యూనియన్‌వాళ్ల మీర్ అంతరిక్ష కేంద్రంలో కొన్ని కౌజు పిట్టల గుడ్లు పొదిగించారు. పిల్లలు బయటికొచ్చాయి గానీ బరువు తెలియని ఆ చోట నిలదొక్కుకోలేకపోయాయి, పట్టుకోవడానికి వాటికేమీ దొరకలేదు, పాపం అటూ ఇటూ తేలిపోయాయి. చిలుకైతే వేరేగా ఉండొచ్చని నాకనిపిస్తుంది. దాని కాలికి రెండు వేళ్లు ముందుకు, రెండు వెనక్కు ఉంటాయి కాబట్టి పట్టు గట్టిగా ఉంటుంది. నిట్టనిలువుగా ఎక్కేటప్పుడు ముక్కును ఊరికే ఆనించదు, దానితో పట్టుకుని ఒంటిని పైకి లాక్కుంటుంది, మూడో కాలన్నమాట. అమెరికాలో లవ్‌బర్డ్స్ అనే చిన్న చిలుకలతో చేసిన కొలతల్లో ముక్కు మీద పడే బలం కాళ్లంత ఉందని తేలింది. చిలుకల కోసం కట్టిన నౌక ఎలా ఉంటుందో ఊహించండి. కుర్చీలుండవు, అన్ని వైపులా కొమ్మల్లాంటి కడ్డీలు, మీటలన్నీ కొరికి తిప్పేవి. తెలివికి లోటేం లేదు. అక్రోటు కాయంత ఉండే మకా చిలుక మెదడు ముందు భాగంలో, నిమ్మకాయంత మెదడున్న మకాక్ కోతిలో కంటే ఎక్కువ నాడీకణాలున్నాయని 2016లో లెక్కగట్టారు.

మళ్లీ ఇగువాకాల దగ్గరికి రావాలి. వీటి అసలు కథలో చివరికి జరిగింది చియాంగ్ కథలో కూడా లేదు, ఆయన రాసే నాటికి అది ఇంకా జరగలేదు. అడవులు నరికేయడం వల్ల, పట్టుకుని అమ్మడం వల్ల 1970లలో అడవిలో ఈ చిలుకలు 13 మాత్రమే మిగిలాయి. అడవి మొత్తానికి పదమూడు! కొన్నిటిని సంరక్షణ కేంద్రాల్లో పెట్టి పిల్లల్ని పెంచడం మొదలుపెట్టారు. పక్క దీవి హిస్పానియోలాకు చెందిన దగ్గరి జాతి చిలుకలను పెంపుడు తల్లులుగా పెట్టి కొన్ని పిల్లల్ని వాటి దగ్గర పెంచారు. అలా కాస్త కోలుకుంటుండగా 1989లో హ్యూగో తుఫాను వచ్చి అడవిలో ఉన్నవాటిలో సగం పోయాయి. మళ్లీ పెంచారు. 2006 నుంచి రియో అబాహో అడవిలోకి కూడా వదిలారు. 2017 సెప్టెంబర్‌లో మరియా తుఫాను వచ్చింది. మన కోస్తావాళ్లకు తుఫాను గాలి అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఆ దీవిలోనే ఉన్న ఎల్ యుంకే అనే మరో అడవిలో తరతరాలుగా బతుకుతూ వచ్చిన గుంపు మొత్తం పోయింది. పంజరాల్లో పెరిగినవి, రియో అబాహోలో కొన్ని మిగిలాయి.

ఈ చిలుకల పిలుపులను కొందరు పరిశోధకులు చోటుచోటునా రికార్డు చేశారు. గోదావరి జిల్లాల యాసకు, తెలంగాణ యాసకు తేడా ఉన్నట్టే ఎల్ యుంకే అడవి గుంపు యాస వేరుగా, సంరక్షణ కేంద్రాల్లో పెరిగిన గుంపుల యాస వేరుగా ఉంది. పెద్దవాళ్ల నుంచి విని నేర్చుకునే భాషలకు అలాగే అవుతుంది, మధ్యలో ఒక తరాన్ని ఇంకెవరో పెంచితే మాట మారిపోతుంది. కాబట్టి మరియా తుఫానులో పోయింది పక్షులే కాదు, ఆ పాత అడవి యాస కూడా. దాన్ని నేర్పడానికి ఇప్పుడు ఒక్క పెద్ద చిలుక కూడా లేదు. 2017కు ముందు చేసిన రికార్డింగుల్లో తప్ప అది ఇంకెక్కడా వినపడదు.

ఇక టెలిస్కోపు. 2020 ఆగస్టులో పళ్లెం పైన పరికరాలను మోసే దాని తీగల్లో ఒకటి జారిపోయింది, నవంబర్‌లో ఇంకొకటి తెగింది, డిసెంబర్ 1న 900 టన్నుల బరువున్న పైభాగం ఊడి పళ్లెం మీద పడి అంతా ముక్కలైపోయింది. నక్షత్రాల మాటలు వినే పెద్ద చెవి పోయింది, చిలుకలు ఉన్నాయి. ఎల్ యుంకే అడవిలోకి వాటిని మళ్లీ వదలడం మొదలైంది కూడా ఆ ఏడాదే. ఇప్పుడు అన్నీ కలిపితే కొన్ని వందలున్నాయి.

ఇంకో మాట, ఇది కథలకు సంబంధించింది కాదు గానీ చెప్పాలి. చిలుకల గురించి రాయాలనే ఉత్సాహంలో ఎవరూ రామచిలుకను కొని తెమ్మని ఇంట్లో అడగకండి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం నేరం. చిలక జోస్యం చెప్పేవాళ్ల దగ్గర చూసుంటారు, ఎగరకుండా దాని రెక్కలు కత్తిరించి ఉంటాయి. రాయడానికి పంజరం అక్కర్లేదు. జామచెట్టు మీదో, పాత గుడి గోపురం మీదో, సాయంత్రం కరెంటు తీగల మీదో గుంపులు వాలతాయి. ఓ అరగంట కూర్చుని ఏది పిలిస్తే ఏది పలుకుతోందో నోట్‌బుక్‌లో రాసుకోండి.

వచ్చే నెల కథ కోసం నేనే ఒక విషయం ఇస్తున్నాను. ఎల్ యుంకే అడవిలోకి కొత్తగా వదిలిన ఒక చిలుకకు, పరిశోధకుల రికార్డింగులోంచి పోయిన ఆ పాత గుంపు పిలుపు వినిపించింది. తన జాతి గొంతే, కానీ యాస తెలియదు. అది ఏమనుకుంటుంది, ఏమని బదులిస్తుంది? కథ చిలుకే చెప్పాలి. కెప్టెన్లు, భుజాలు వద్దు. నాలుగైదు పేజీలు దాటకుండా రాసి పంపండి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ